గడియ: తలుపుకి, పంచాంగానికి, ఫుట్‌బాల్‌కి

ఈసారి నేను ఎంచుకున్న మాట 'గడియ'.

మొదటి అర్థం మీ అందరికీ తెలుసు. తలుపు లోపలి వైపు అడ్డంగా జరిపేది. రెండో అర్థం నేను గుడిలో ముహూర్తాల కాగితం టైపు చేస్తూ నేర్చుకున్నాను. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు. ఆ లెక్కన 90 నిమిషాల ఫుట్‌బాల్ మ్యాచ్ మూడు ముప్పావు గడియలు.

మూడో అర్థం నేనే కలుపుతున్నాను. ఫుట్‌బాల్‌లో ఒక రకం ఆట ఉంది. వెనక గట్టిగా నిలబడతారు, అవతలివాళ్ళని రానిస్తారు, బంతి దొరకగానే రెండు మూడు పాసుల్లో వాళ్ళ గోల్ దగ్గరికి వెళ్ళిపోతారు. స్విట్జర్లాండ్‌లో దీనికి పెట్టిన ఫ్రెంచి పేరు వెర్రూ. ఇటలీలో కాటెనాచో. రెండు మాటలకీ అర్థం తలుపు గడియే. (వెర్రూ అంటే మన వెర్రి గుర్తొస్తుంది. సంబంధం ఏమీ లేదు.)

మా బావగారికి ఈ ఆట అంటే మంట. గోల్ ముందు తొమ్మిదిమందిని పెట్టుకుని కూర్చోవడం పిరికితనం అంటారు. ఆయన ఒక్కరే కాదు, చాలామంది అదే మాట అంటారు. నేను ఒప్పుకోను. ఈ గడియని మొదట వేసుకున్నవాళ్ళు వేరే ఉద్యోగం చేసుకుంటూ ఆడినవాళ్ళు. ఆ సంగతి తెలిస్తే పిరికితనం అన్న మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

కార్ల్ రప్పాన్ 1905లో వియన్నాలో పుట్టాడు. 1930ల మొదట్లో జెనీవాకి వచ్చి సెర్వెట్ క్లబ్‌లో ఆటగాడుగా, కోచ్‌గా రెండు పనులూ చేశాడు. ఆయన వదిలి వచ్చిన ఆస్ట్రియాలో అప్పటికే ప్రొఫెషనల్ లీగ్ ఉంది. ఆటే అక్కడివాళ్ళ జీవనం. స్విట్జర్లాండ్‌లో మాత్రం సగం ప్రొఫెషనల్సే. ప్రాక్టీసుకి టైము తక్కువ, ఒంట్లో దమ్ము తక్కువ. రోజంతా శిక్షణ తీసుకునే జట్టుతో ఒకడికి ఒకడుగా తలపడితే ఓటమి ఖాయం. ఒక్కొక్కడి బలం పెంచడానికి వీలు లేదు కాబట్టి నిలబడే చోట్లు మార్చాలి. రప్పాన్ అదే చేశాడు.

అప్పటి మామూలు పద్ధతిలో వెనక 2, మధ్యలో 3, ముందు 5. రప్పాన్ మధ్య వరసలో అటు చివర, ఇటు చివర ఉన్న ఇద్దరినీ వెనక్కి లాగాడు. వెనక నలుగురయ్యారు. పక్కల ఉన్న ఇద్దరూ అవతలి వింగర్లని చూసుకుంటారు. లోపలి ఇద్దరిలో ఒకడు సెంటర్ ఫార్వర్డ్ మీదకి వెళ్తాడు. రెండోవాడు ఎవరినీ పట్టుకోడు. మిగతావాళ్ళ వెనక అడ్డంగా జరుగుతూ ఉంటాడు. దాడి కుడి నుంచి వస్తే అటు, ఎడమ నుంచి వస్తే ఇటు. మా అమ్మమ్మగారి ఇంటి తలుపుకి ఉన్న కర్ర గడియ కూడా సరిగ్గా అలాగే జరిగేది. పేరు పెట్టినవాళ్ళు ఎవరో గాని చూసి పెట్టారు.

చెడుగుడు ఆడినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కూతకి వచ్చినవాడిని మధ్య గీత దగ్గరే పట్టుకోవాలని ఎవరూ పరుగెత్తరు. లోపలికి రానిస్తారు. వాడు బాగా లోతుకి వచ్చాక మూలనున్నవాడు కాలు పట్టుకుంటాడు, మిగిలినవాళ్ళు తిరిగి వెళ్ళే దారి మూసేస్తారు. వాడు ఎంత లోపలికి వస్తే అంత చిక్కినట్టు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. అవతలివాళ్ళు పదిమందీ ముందుకి వచ్చారంటే వాళ్ళ వెనక మైదానం ఖాళీ. మనం పరుగెత్తాల్సింది అక్కడికి.

చెప్పడం సులువు, నేర్పడం కష్టం. బంతితో ఏం చెయ్యాలో నేర్చుకోవడానికి ఎవరైనా వస్తారు. బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలో నేర్చుకోవడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఒకడు ఉత్సాహం కొద్దీ ముందుకి దూకాడా, వాడి వెనక తలుపంత సందు. నేను ఆదివారం మా గుడి పిల్లల చేత ముందు బంతి లేకుండానే నడిపిస్తాను. పందిరి కట్టే తాడు ఒకటి నలుగురికీ పట్టుకోమని ఇస్తాను. ఒకడు కుడికి జరిగితే నలుగురూ జరగాలి. తాడు సాగకూడదు, నేలని తాకకూడదు. "అంకుల్, బంతి ఎప్పుడు?" అని పది నిమిషాలకోసారి అడుగుతారు.

రప్పాన్ పద్ధతిలో ఒక లోపం కూడా ఉంది. మధ్య వరసలో ఇద్దరు వెనక్కి పోయారు గదా, సెంటర్ హాఫ్ ఒంటరివాడయ్యాడు. ముందున్న ఐదుగురిలో ఇద్దరు దిగి వచ్చి సాయం చెయ్యకపోతే అంత మైదానం అతనొక్కడే తిరగాలి. ఈ సెంటర్ హాఫ్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

సెర్వెట్ 1933లో, 1934లో స్విస్ లీగ్ గెలిచింది. తరవాత రప్పాన్ జూరిక్‌లోని గ్రాస్‌హాపర్స్‌కి, ఆపైన జాతీయ జట్టుకి కోచ్ అయ్యాడు. 1938 మే నెలలో జూరిక్‌లో ఆ జట్టు ఇంగ్లండ్‌ని 2-1తో ఓడించింది. ప్రపంచ కప్ జూన్‌లో, ఫ్రాన్స్‌లో.

ఈలోగా మార్చిలో జర్మనీ ఆస్ట్రియాని కలిపేసుకుంది. ప్రపంచ కప్‌కి అర్హత సంపాదించిన ఆస్ట్రియా జట్టు ఇక లేదు. దాని ఆటగాళ్ళలో కొందరిని జర్మనీ జట్టులో చేర్చారు. మొదటి రౌండ్‌లో ఆ జర్మనీకి ఎదురుపడింది స్విట్జర్లాండ్. అంటే వియన్నాలో పుట్టిన కోచ్ ఇటువైపు, వియన్నా ఆటగాళ్ళు అటువైపు.

జూన్ 4న పారిస్‌లో మ్యాచ్ 1-1. అప్పుడు పెనాల్టీ షూటవుట్ లేదు, మళ్ళీ ఆడాలి. జూన్ 9న అదే మైదానంలో ఆడారు. జర్మనీ తొందరగా 2-0 ముందుకి వెళ్ళింది. గడియ పద్ధతిలో ఆడే జట్టుకి ఇంతకంటే ఇబ్బంది లేదు, ఎందుకంటే వెనకబడ్డాక అవతలివాళ్ళు మన మీదకి రావలసిన అవసరమే ఉండదు. అయినా హాఫ్ టైముకి ముందు వలాషెక్ ఒకటి కొట్టాడు. తరవాత బికెల్ ఒకటి, ఆబెగ్లెన్ రెండు. 4-2. ఆ తరవాత జర్మనీ ప్రపంచ కప్ మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోవడం మళ్ళీ 2018లోనే జరిగింది. స్విట్జర్లాండ్‌కి మాత్రం ఊపిరి తీసుకునే టైము లేదు. మూడు రోజులకే లీల్‌లో హంగరీ చేతిలో 2-0తో ఓడిపోయింది.

యుద్ధం అయ్యాక గడియ ఇటలీకి చేరింది. అక్కడ కూడా మొదట వాడుకున్నవి చిన్న ఊళ్ళ జట్లే. సలెర్నో ఊరి జట్టు సలెర్నిటానా కోచ్ జీపో వియానీ గురించి ఒక కథ చెబుతారు. ఆయన తెల్లవారుజామున సముద్రం ఒడ్డున నడుస్తుంటే జాలర్లు ఒక వల వెనక ఇంకో వల వేయడం చూశాడట. మొదటి వల తప్పించుకున్న చేప రెండో వలలో పడుతుంది. వెనక ఒక మనిషిని అదనంగా పెట్టాలనే ఆలోచన అక్కడే వచ్చిందంటారు. కథ నిజమో కాదో గాని, ఆ జట్టు 1947లో పై లీగ్‌కి ఎక్కింది. నెరెయో రొక్కో కథ నాకు ఇంకా ఇష్టం. ఆయన సొంత ఊరు త్రియెస్తే. ఆ ఊరు ఎవరిదో తేలక మిత్రరాజ్యాల సైన్యం పాలనలో ఉంది. ఆ ఊరి జట్టు త్రియెస్తీనా 1947లో లీగ్‌లో ఆఖరున నిలిచింది. దేశాభిమానం పేరుతో దాన్ని కిందికి దించకుండా ఉంచారు. మరుసటి ఏడాది రొక్కో కోచ్‌గా అదే జట్టు రెండో స్థానం పంచుకుంది.

మరి చెడ్డపేరు ఎప్పుడు వచ్చింది? నా లెక్కలో 1960లలో, మిలాన్‌లో. ఇంటర్ క్లబ్ యజమాని ఆంజెలో మొరట్టి చమురు వ్యాపారంలో సంపాదించినవాడు. కోచ్ హెలేనియో హెరేరా. పికీ అందరి వెనక గడియలా ఉంటాడు. బంతి దొరికితే సువారెజ్ పొడుగు పాస్ వేస్తాడు, కుడివైపు జయీర్ పరుగెత్తుతాడు. ఎడమవైపు ఫకెట్టి డిఫెండర్ అయి ఉండి కూడా ముందుకి దూసుకెళ్తాడు. 1965-66 లీగ్‌లో అతను 10 గోల్స్ కొట్టాడు. పిరికి ఆట అనేవాళ్ళు ఈ సంఖ్య చూడాలి. 1964లో రియల్ మాడ్రిడ్‌ని 3-1తో ఓడించి యూరోపియన్ కప్ తీసుకున్నారు. ఆ ఫైనల్ జరిగింది రప్పాన్ పుట్టిన వియన్నాలోనే.

కాని డబ్బున్న జట్టు, కావలసిన ఆటగాడినల్లా కొనుక్కున్న జట్టు, ఒక గోల్ కొట్టి తలుపు వేసుకుంటే చూసేవాళ్ళకి కోపం వస్తుంది. నాకూ వస్తుంది. ఆ ఒక్క విషయంలో మా బావగారితో ఏకీభవిస్తాను. 1967 మే 25న లిస్బన్‌లో ఫైనల్. ఇంటర్ ఏడో నిమిషంలో పెనాల్టీతో ఒక గోల్ కొట్టి వెనక్కి వెళ్ళిపోయింది. ఎదురుగా గ్లాస్గో నుంచి వచ్చిన సెల్టిక్, 30 మైళ్ళ లోపల పుట్టిన కుర్రాళ్ళు. గంట దాటేదాకా కొడుతూనే ఉన్నారు. గెమెల్ ఒకటి, చివర్లో చామర్స్ ఒకటి. 2-1. సువారెజ్ గాయంతో ఆడలేదు. పొడుగు పాస్ వేసేవాడు లేకపోతే ఎదురుదాడి లేదు, ఎదురుదాడి లేకపోతే గడియ పెట్టుకుని లోపలే ఉండిపోవడం తప్ప దారి లేదు.

అదే లిస్బన్‌లో 2004లో గ్రీస్ గడియ ఆటతోనే పోర్చుగల్‌ని 1-0తో ఓడించి యూరో కప్ పట్టుకెళ్ళింది. కోచ్ ఒట్టో రేహాగెల్ జర్మన్.

ఇక నేనుండే లెస్టర్ సంగతి. 2015-16 సీజన్ మొదట్లో మా ఊరి జట్టు గెలుపు మీద పందెం ఒక పౌండుకి 5000 పౌండ్లు. కోచ్ క్లాడియో రనియేరి ఇటలీ మనిషి. వెనక నలుగురు, మధ్య నలుగురు దగ్గర దగ్గరగా ఉంటారు. ముందు వార్డీ పరుగు కోసం కాచుకుని ఉంటాడు. రప్పాన్‌ని ఇబ్బంది పెట్టిన ఆ మధ్య ఖాళీలో కాంటే ఉన్నాడు. ఎటు చూసినా అతనే. కాని మొదట్లో జట్టు ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ ఇచ్చేస్తోంది. ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఆడితే పిజ్జా తినిపిస్తానని రనియేరి మాట ఇచ్చాడు. అక్టోబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌ని 1-0తో ఓడించారు. పిజ్జా కొట్టుకి తీసుకెళ్ళాడు, కాని పిండి పిసికి వాళ్ళ పిజ్జా వాళ్ళనే చేసుకోమన్నాడు. 2016 మార్చి, ఏప్రిల్ నెలల్లో వరసగా నాలుగు మ్యాచ్‌లు 1-0తోనే గెలిచారు. నాలుగు గోల్స్, పన్నెండు పాయింట్లు. మే 2న లీగ్ మాదైంది.