పాతకాలపు కవాతు స్నేర్ డ్రమ్ము: గుర్తింపు, కాలనిర్ణయం – అమెరికన్ వాద్యాల ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

కవాతుల్లో వాయించే స్నేర్ డ్రమ్ము మరమ్మతులతో నిలిచే వాద్యం. దాని మూతలు, తీగలు, తాళ్లు, మరమేకులు వాడకంలో మారిపోతూ ఉంటాయి. అందువల్ల ఒకే ఒక్క గుర్తును బట్టి తయారీ కాలం చెప్పడం పొరపాట్లకు దారితీస్తుంది. పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలం నుండి ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాల వరకు అమెరికాలో తయారైన డ్రమ్ములను ఉదాహరణగా తీసుకొని, ఏ ఆధారం దేనిని రుజువు చేస్తుంది, దేనిని చేయలేదు అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్నేర్ డ్రమ్ము, కవాతు వాద్యాలు, కాలనిర్ణయం, లడ్విగ్, వస్తుచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఒక జాగ్రత్త బాగా తెలుసు. ప్రతి చివర లేఖకుడు వేసిన సంవత్సరం ఆ ప్రతిని రాసిన కాలాన్ని చెబుతుంది గాని, కావ్యం పుట్టిన కాలాన్ని చెప్పదు. వాద్యాల చరిత్రలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒక పాత డ్రమ్ము మీద కనిపించే ప్రతి గుర్తూ మొదట తన కాలాన్ని తాను చెబుతుంది. అది వాద్యం మొత్తానికి వర్తిస్తుందా అన్నది వేరుగా తేల్చవలసిన ప్రశ్న. ఈ తేడాను విస్మరించినప్పుడు పందొమ్మిదో శతాబ్ది చివరి ఊరేగింపు డ్రమ్ము అంతర్యుద్ధ స్మారకంగా ప్రదర్శనశాలకు చేరుతుంది. యుద్ధకాలపు అసలైన డ్రమ్ము సాధారణ వస్తువుగా మరుగున పడుతుంది.

2. వాద్య నిర్మాణం:

స్నేర్ డ్రమ్ముకు పైన ఒకటి, కింద ఒకటి రెండు మూతలుంటాయి. పై మూతను రెండు కర్రపుల్లలతో వాయిస్తారు. కింది మూతకు ఆనుకొని బిగించిన తీగలు దాని కంపనానికి అదురుతూ గరగరలాడే ధ్వనినిస్తాయి. ఈ తీగలనే స్నేర్లు అంటారు. పూర్వం వీటిని జంతువుల పేగుతో చేసేవారు. భుజం మీది పట్టీకి తగిలించుకొని పక్కన వేలాడదీసి వాయించడం వల్ల దీనికి సైడ్ డ్రమ్ అనే పేరు కూడా ఉంది.

ఆరుబయట దూరానికి వినిపించాలి కాబట్టి కవాతు డ్రమ్ము గుల్ల లోతుగా ఉంటుంది. అమెరికన్ అంతర్యుద్ధ కాలపు డ్రమ్ముల వ్యాసం సుమారు 16 అంగుళాలు. ఇరవయ్యో శతాబ్ది మధ్యనాటికి 15 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల లోతు గల డ్రమ్ములు కవాతు బృందాల్లో విరివిగా వాడుకలో ఉన్నాయి. కొలతలు ఒక యుగాన్ని సూచిస్తాయి. సంవత్సరాన్ని నిర్ణయించడానికి అవి చాలవు.

3. బిగింపు పద్ధతి:

పాత డ్రమ్ముల్లో రెండు మూతల వలయాలను కలుపుతూ వంకరటింకరగా తాడు అల్లుతారు. ఆ తాడు జంటల మీద తోలు పట్టీలుంటాయి. పట్టీని కిందికి జరిపితే తాళ్లు దగ్గరై మూత బిగుస్తుంది. మృదంగానికి తోలువారు చేసే పనిని ఇక్కడ తాడు చేస్తుంది. లండన్‌కు చెందిన కార్నీలియస్ వార్డ్ 1837లో తాళ్లకు బదులు మరల సాయంతో బిగించే పద్ధతికి పేటెంటు పొందాడు. క్రమంగా లోహపు కడ్డీల బిగింపు వ్యాపించింది.

దీన్నిబట్టి తాడు ఉన్న డ్రమ్ము పాతది, కడ్డీ ఉన్నది కొత్తది అని తీర్మానించడం సులభం. కాని ఆ తీర్మానంలో సగమే నిజం. కడ్డీల బిగింపు ఉన్న డ్రమ్ము, ఆ పద్ధతి పుట్టకముందుది కాజాలదు. తాడు విషయంలో అలాంటి పై హద్దు లేదు. పిల్లనగ్రోవి, డ్రమ్ముల సంప్రదాయ బృందాల కోసం తాళ్ల డ్రమ్ములు ఇరవయ్యో శతాబ్దిలోనూ తయారయ్యాయి, నేటికీ తయారవుతున్నాయి.

4. చిత్రం, చీటీ, కుటుంబ కథనం:

1861–65 మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యపు డ్రమ్ముల మీద గద్ద చిత్రం వేయడం ప్రసిద్ధం. అందువల్ల గద్ద బొమ్మ ఉన్న ప్రతి డ్రమ్మునూ ఆ యుద్ధానికి అంటగట్టే ధోరణి బలంగా ఉంది. అయితే ఉత్తర సైన్యపు మాజీ సైనికులు 1866లో గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. ఆ సంఘం శాఖలు దశాబ్దాల పాటు ఊరేగింపులు జరిపాయి. వాటిలో మోగిన డ్రమ్ముల మీదా దేశభక్తి చిహ్నాలు ఉండేవి. తాత యుద్ధంలో మోసిన డ్రమ్ము అని ఒక కుటుంబం చెప్పుకొనేది, నిజానికి ఆయన వృద్ధాప్యంలో ఊరేగింపులో వాయించినది కావచ్చు. కుటుంబం అబద్ధమాడిందని దీని అర్థం కాదు. రెండు జ్ఞాపకాలు ఒకే వస్తువు మీద కలిసిపోయాయంతే.

ఇక్కడ చిత్రం కన్నా లోపలి చీటీ విలువైనది. గుల్లకు పక్కన గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పలువురు తయారీదారులు తమ పేరు, చిరునామా ఉన్న కాగితాన్ని దానికి ఎదురుగా లోపలి గోడకు అంటించేవారు. ఫిలడెల్ఫియాకు చెందిన ఎర్నెస్ట్ వోట్, హార్స్ట్‌మన్ సంస్థల డ్రమ్ములు ఈ విధంగానే గుర్తుకు వస్తాయి. రంధ్రంలోంచి వెలుతురు పంపి చూస్తే, వాద్యాన్ని విప్పకుండానే చీటీని చదవవచ్చు. చీటీలోని చిరునామాను ఆనాటి నగర వ్యాపార సూచికలతో పోల్చితే, ఆ వ్యాపారి ఆ వీధిలో ఉన్న సంవత్సరాలు తేలుతాయి.

5. కంపెనీ పేర్లు, బిళ్లలు, సంఖ్యలు:

ఇరవయ్యో శతాబ్దిలో చీటీ స్థానాన్ని గుల్లపై బిగించిన లోహపు బిళ్ల ఆక్రమించింది. షికాగోకు చెందిన లడ్విగ్ సంస్థ చరిత్ర ఈ ఆధారం బలాన్నీ పరిమితినీ చూపుతుంది. విలియం, థియోబాల్డ్ లడ్విగ్ సోదరులు 1909లో దీన్ని స్థాపించారు. 1929లో సంస్థ కాన్ కంపెనీకి అమ్ముడుపోయి, తయారీ ఇండియానాలోని ఎల్కార్ట్‌కు మారింది. విలియం లడ్విగ్ 1937లో మళ్లీ సొంతంగా వ్యాపారం మొదలుపెట్టినప్పుడు తన ఇంటిపేరు వాడుకునే హక్కు ఆయనకు లేకపోయింది. అందుకే తన పేరులోని పొడి అక్షరాలతో డబ్ల్యూ.ఎఫ్.ఎల్. అనే గుర్తు పెట్టుకున్నాడు. లడ్విగ్ పేరును 1955లో కాన్ నుండి తిరిగి కొన్నాడు.

అంటే 1937–1955 మధ్య లడ్విగ్ పేరుతో వెలువడిన డ్రమ్ములు ఆ కుటుంబం చేసినవి కావు. ఆ కుటుంబం చేసిన వాటి మీద ఆ పేరు ప్రధాన గుర్తుగా లేదు. శకసంఖ్య లేకుండా ప్రభవాది సంవత్సరం పేరు మాత్రమే ఉన్న శాసనం ఏ అరవయ్యేళ్ల ఆవృత్తానికి చెందుతుందో ఇతర ఆధారాలతో తేల్చుకున్నట్లే, బిళ్ల మీది పేరు ఏ యాజమాన్యానిదో ఇతర వివరాలతో తేల్చుకోవాలి.

లడ్విగ్ బిళ్లల మీద వరుససంఖ్యలు 1963 ప్రాంతంలో మొదలయ్యాయి. సంఖ్య కనబడగానే సంవత్సరం దొరికిందనుకోవడం సహజం. కాని సంఖ్యలు వేసిన బిళ్లలను కార్మికులు వరుసగా వాడలేదు. పెట్టెలోంచి చేతికందిన బిళ్లను బిగించేవారు. కాబట్టి పెద్ద సంఖ్య ఉన్న డ్రమ్ము చిన్న సంఖ్య ఉన్నదానికన్నా ముందు తయారై ఉండవచ్చు. గుల్ల లోపల సిరాతో తేదీ ముద్ర ఉంటే, సంఖ్య కన్నా దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఊరి పేరూ ఉపయోగపడుతుంది. స్లింగర్‌లాండ్ సంస్థ 1960లో షికాగో నుండి ఇల్లినాయ్‌లోని నైల్స్‌కు మారింది. లడ్విగ్ తయారీ 1984లో ఉత్తర కరోలినాలోని మన్రోకు తరలింది. చిరునామాలోని తపాలా సంఖ్య కూడా ఒక హద్దు గీస్తుంది. అమెరికాలో పెద్ద నగరాలకు తపాలా మండల సంఖ్యలు 1943లో, ఐదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చాయి. అయిదంకెల సంఖ్య ఉన్న చీటీ అంతకుముందుది కాజాలదు.

6. లోహపు కొరత మిగిల్చిన గుర్తు:

కాలాన్ని అతి సన్నిహితంగా పట్టిచ్చే ఆధారం రెండో ప్రపంచయుద్ధం నుండి వచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం చాలా రకాల సంగీత వాద్యాల్లో యుద్ధానికి అవసరమైన లోహాలు మొత్తం బరువులో 10 శాతానికి మించకూడదని ఆంక్ష విధించింది. దాంతో కడ్డీలను గుల్లకు పట్టి ఉంచే లోహపు దిమ్మెలను కర్రతో చేయవలసివచ్చింది. స్లింగర్‌లాండ్ సంస్థ రోలింగ్ బాంబర్ పేరుతో చేసిన డ్రమ్ములు ఈ కాలానివే. పూర్వపు అలవాటుతో కాక, లోహం లేక చేసిన ఈ కర్ర దిమ్మెలు 1942–45 మధ్యకాలాన్ని స్పష్టంగా సూచిస్తాయి.

అయితే కర్ర దిమ్మెలు ఒత్తిడికి పగిలేవి. యుద్ధం ముగిశాక కొందరు వాటిని తీసివేసి లోహపు దిమ్మెలు వేయించుకున్నారు. అలాంటి డ్రమ్ము ఇప్పుడు బయటికి సాధారణంగా కనిపిస్తుంది. ప్రస్తుత దిమ్మెలకు సరిపోని అదనపు రంధ్రాలు, పూత కింద మిగిలిన పాత దిమ్మె నీడ మాత్రమే దాని పూర్వరూపానికి సాక్ష్యం.

7. మారే భాగాలు, మారని భాగాలు:

మూతలు అరిగిపోయే వస్తువులు. ప్లాస్టిక్ మూతలు 1950ల రెండో సగంలో వాడుకలోకి వచ్చాయి. 1957లో రెమో బెల్లి స్థాపించిన సంస్థ వాటిని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. ప్లాస్టిక్ మూత ఉన్నంత మాత్రాన డ్రమ్ము ఆ తర్వాతిది కాదు. పూర్వం దూడచర్మపు మూతను ఆ గుల్లకే అమర్చేవారు గనుక కొన్ని పాత గుల్లల వ్యాసం ప్రామాణిక కొలత కంటే కొద్దిగా ఎక్కువ. కొత్త ప్లాస్టిక్ మూత సరిగా దిగకపోతే, ఆ ఇబ్బందే గుల్ల పాతదనానికి ఒక సూచన. అలాగే తలపై ప్లస్ ఆకారపు గాడి ఉన్న ఫిలిప్స్ మరమేకు 1930ల మధ్య నుండి వచ్చింది. అది మొదటి నుండీ ఉన్నదా, మరమ్మతులో వచ్చిందా అన్నది రంధ్రం అంచును, పక్కనున్న మేకులను చూసి నిర్ణయించాలి.

ఒక డ్రమ్ము మీద డబ్ల్యూ.ఎఫ్.ఎల్. బిళ్ల, కర్ర దిమ్మెలు, ప్లాస్టిక్ మూత ఉన్నాయనుకుందాం. బిళ్ల 1937ను కింది హద్దుగా నిలుపుతుంది. దిమ్మెలు దాన్ని యుద్ధకాలానికి చేరుస్తాయి. మూత 1950ల రెండో సగం తర్వాతిది. ఇవి పరస్పర విరుద్ధాలు కావు. యుద్ధకాలంలో తయారై, కనీసం పదేళ్ల తర్వాత కూడా మోగుతూ ఉన్న ఒక వాద్యం చరిత్ర ఇది. ఆ రెండో కాలం కూడా నమోదు చేయదగినదే.

8. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. ప్రతి ఆధారానికి అది నిలిపే కింది హద్దు, పై హద్దు వేరువేరుగా రాసుకోవాలి. అన్నిటికీ ఉమ్మడిగా మిగిలిన కాలవ్యవధే తయారీ కాలం.

2. గుల్ల, దాని రంధ్రాలు, లోపలి చీటీ, తేదీ ముద్ర ప్రథమస్థాయి ఆధారాలు. బిళ్ల, వరుససంఖ్య ద్వితీయస్థాయివి. మూతలు, తాళ్లు, మరమేకులు ప్రధానంగా మరమ్మతు చరిత్రను చెబుతాయి.

3. కుటుంబ కథనాన్ని తోసిపుచ్చకుండా, వస్తువు చెప్పేదానికి పక్కన ఉంచి పరీక్షించాలి.

4. శుభ్రపరచడానికి ముందే వివరాలను, ఛాయాచిత్రాలను నమోదు చేయాలి. అదనపు రంధ్రాలు పూడ్చి, పాత పూత గీకి, చీటీ తొలగించి కొత్తగా మెరిపించిన డ్రమ్ము చూడటానికి బాగుంటుంది. కాని దాని వయసు చెప్పగల సాక్షులు ఆ పనిలోనే తొలగిపోతారు, తర్వాత వచ్చే పరిశోధకుడికి ఊహ మాత్రమే మిగులుతుంది.