ఇంటి మాట – ఇంగ్లీషు తరగతి: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఇంగ్లీషులో మాట్లాడడం నేర్పే తరగతి సాధారణంగా కుటుంబంతోనే మొదలవుతుంది. విద్యార్థి తన పేరు, ఊరు చెప్పిన వెంటనే తల్లిదండ్రుల గురించి, తోబుట్టువుల గురించి చెప్పవలసి ఉంటుంది. తెలిసిన విషయమైతే మాట సులువుగా వస్తుందన్నది దీని వెనుక ఉన్న నమ్మకం. అయితే పాయకరావుపేట వంటి చోట్ల, ఇంట్లో తొలిసారి కళాశాల మెట్లెక్కిన విద్యార్థుల ముందు ఈ నమ్మకం తరచూ నిలవదు. విషయం తెలిసినా మాట ఎందుకు రాదో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వెంకమ్మ విన్న ఇంగ్లీషు

ఇంటికీ ఇంగ్లీషు చదువుకూ ఉన్న దూరానికి బలమైన సాహిత్య సాక్ష్యం గురజాడ 'కన్యాశుల్కం' నాటకం (మలికూర్పు 1909). కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం ఆమె ముందు సంభాషణ నడుపుతారు. నక్షత్రం మీది పిల్లల పాట, గుడారంలో తెల్లవాడి గురించిన పాఠ్యవాక్యం, ఒక జ్యామితి సిద్ధాంతం, ఒక బహువచన సూత్రం – ఇదీ ఆ సంభాషణ. ఈ ఘట్టాన్ని గిరీశం బుకాయింపుగా చదివి నవ్వుకోవడం మన విమర్శలో అలవాటైంది. వెంకటేశం వైపు నుంచి చూస్తే మరో సంగతి కనబడుతుంది. తల్లి ఎదుటే ఉన్నా ఆమె గురించి చెప్పగల వాక్యం ఒక్కటీ బడి అతనికి ఇవ్వలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే భాషాబోధనపై పెద్ద చర్చ సాగింది. తెలుగు నేర్చుకుంటున్న పాఠశాలల పరీక్షాధికారి జె.ఎ. యేట్స్‌కు ప్రజల మాటకూ పుస్తకాల భాషకూ మధ్య తేడా ఎందుకన్న సందేహం కలిగింది. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనను గురజాడ, గిడుగుల వైపు మళ్లించారు. వ్యావహారిక భాషోద్యమానికి అది నాంది. అనువాదం జోలికి పోకుండా, ఎదుట ఉన్న వస్తువులతో, చేతలతో, మాటతో నేర్పాలనే ప్రత్యక్ష పద్ధతి అప్పటికి ఐరోపాలో బలపడింది. బడి భాష ఇంటి భాషకు ఎందుకు దూరమైందన్న ప్రశ్నను మనం తెలుగు గురించి గట్టిగానే అడిగాం. అదే ప్రశ్నను ఇంగ్లీషు తరగతి గురించి అంత పట్టుదలతో అడిగినట్లు లేదు.

పొంతన కుదరని చోట్లు

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. ఆ దశాబ్దాల్లో ప్రాబల్యం వహించిన నిర్మాణాత్మక పద్ధతిలో కుటుంబం తరగతిలోకి వచ్చింది గానీ, వాక్యాలు అల్లడానికి ముడిసరుకుగానే వచ్చింది. 'దిస్ ఈజ్ మై ఫాదర్' అన్న వాక్యాన్నే తీసుకుందాం. 'ఈయన మా నాన్న' అనే తెలుగు వాక్యంలో క్రియ లేదు. చెప్పేవాడు ఏకైక సంతానమైనా 'మా' అనే అంటాడు. 'నా నాన్న' అనడం మన వాడుకకు పొసగదు. కాబట్టి విద్యార్థి 'అవర్ ఫాదర్' అంటే దాన్ని అజ్ఞానం అనలేం, అది అతని ఇంటి మాట తీరు. 'నాన్నగారు వచ్చారు' అనే గౌరవ బహువచనానికి అలవాటుపడినవాడికి తండ్రిని 'హీ' అనడానికి నోరు రాదు, 'దే' అంటాడు. దిద్దే అధ్యాపకుడు మార్చేది సర్వనామాన్నే అయినా, విద్యార్థికి మర్యాద తగ్గినట్లు తోస్తుంది.

బంధుత్వ పదాల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బంధుత్వ వ్యవస్థల గ్రంథంలోనే తెలుగు పదాలు పట్టికలకెక్కాయి. పెదనాన్న కొడుకు అన్నో తమ్ముడో అవుతాడు. మేనమామ కొడుకు బావో బావమరిదో అవుతాడు. మొదటి వరుసతో పెళ్లి నిషిద్ధం, రెండోది మేనరికపు వరుస. ఇంగ్లీషులో ఇద్దరూ 'కజిన్' మాత్రమే. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త భర్త – నలుగురూ 'అంకుల్'లో కలిసిపోతారు. అన్నకూ తమ్ముడికీ విడి పదాలు లేవు. ఉత్తరాంధ్ర ఇళ్లలో 'అప్ప' అని పిలిపించుకునే అక్క 'సిస్టర్' అయ్యేసరికి ఆమె పెద్దరికం కూడా పోతుంది. నల్లబల్ల మీద రాసే పదాల జాబితా ఈ తేడాలను దాచేస్తుంది. నా దృష్టిలో మాటకు నిజమైన అవసరం పుట్టేది ఆ తేడాల దగ్గరే. 'బావ' అంటే ఎవరో ఇంగ్లీషులో వివరించవలసి వచ్చిన విద్యార్థి కనీసం నాలుగు వాక్యాలు సొంతంగా కట్టుకోవాలి.

తండ్రి మోసిన పెట్టె

వ్యాకరణం వచ్చినా కొందరు మాట్లాడరు. 'మీ నాన్న ఏం చేస్తారు?' అనే ప్రశ్న భాషాభ్యాసంలా కనబడుతుంది గానీ, కూలికి వెళ్లే తండ్రి బిడ్డకూ, తండ్రి లేని బిడ్డకూ అది నలుగురి ముందు జరిగే విచారణ. అక్కడి మౌనాన్ని ఇంగ్లీషు రాకపోవడంగా లెక్కగట్టడం అన్యాయం.

ఈ దృష్టితో చూస్తే 2014 నాటి పదో తరగతి ఇంగ్లీషు వాచకంలోని 'హ్యూమన్ రిలేషన్స్' విభాగం గమనింపదగినది. అందులో అరుణాచల్ ప్రదేశ్ రచయిత యేషే దోర్జీ థోంగ్చీ కథ 'ద జర్నీ' ఉంది. చదువుకుని ఉద్యోగస్థుడైన కొడుకు పెట్టెను తండ్రి మోసుకు నడుస్తాడు. చదువు తెచ్చిన దూరం, సిగ్గు, ప్రేమ అన్నీ ఆ బరువులోనే ఉన్నాయి. విద్యార్థి ముందుగా వేరొకరి తండ్రి గురించి మాట్లాడవచ్చు, తన తండ్రి గురించి ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తానే నిర్ణయించుకోవచ్చు. పరీక్ష కోసం ఈ కథను ప్రశ్నోత్తరాలుగా కుదించే చోట ఆ అవకాశం పోతుంది. డిగ్రీ మొదటి సంవత్సరం మాట్లాడే ఇంగ్లీషు తరగతిలో దీన్ని తిరిగి చదివించడానికి అడ్డేమీ లేదు. కథ తర్వాత అడగవలసిన మొదటి ప్రశ్న కూడా తండ్రి వృత్తి గురించి కానక్కరలేదు: 'ఆ కొడుకు పెట్టెను తానే ఎందుకు మోయలేదు?'