బకింగ్‌హామ్ విశ్వవిద్యాలయం

బకింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఇంగ్లండ్‌లో గ్రేట్ ఊజ్ నది ఒడ్డున ఉన్న చిన్న ప్రైవేటు విద్యాసంస్థ. ప్రభుత్వ నిధుల మీద ఆధారపడని విశ్వవిద్యాలయం కావాలన్న ఆలోచన 1960లలో మొదలైంది. 1976లో కళాశాలగా తలుపులు తెరిచిన ఈ సంస్థ 1983లో రాజశాసనంతో విశ్వవిద్యాలయ హోదా పొందింది. బ్రిటన్‌లో ఆ హోదా దక్కిన తొలి ప్రైవేటు సంస్థ ఇదే. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన మార్గరెట్ థాచర్ 1990లలో దీనికి చాన్సలర్‌గా ఉన్నారు.

ఇక్కడి ప్రత్యేకత రెండేళ్ల ఆనర్స్ డిగ్రీ. మూడేళ్ల చదువును రెండేళ్లకు కుదిస్తే విద్య పలచబడుతుందన్నది మొదటి నుంచీ ఉన్న విమర్శ. లెక్క చూస్తే ఆ వాదన నిలవదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాదికి 8 వారాల టర్ములు మూడు, అంటే మూడేళ్లకు 72 వారాలు. బకింగ్‌హామ్‌లో ఏడాదికి 10 వారాల టర్ములు నాలుగు, అంటే రెండేళ్లకు 80 వారాలు. తగ్గింది చదువు కాదు, సెలవులు. పైగా పాఠాలకు తోడు చిన్న బృందాలతో ట్యుటోరియళ్లు నడుస్తాయి కాబట్టి వెనుకబడిన విద్యార్థి అధ్యాపకుడి కంట పడకుండా పోడు.

అయితే సెలవులు తగ్గితే వేసవి ఉద్యోగాలకు, తీరికగా చదువుకోవడానికి, క్లబ్బులకు సమయం చాలదన్న అభ్యంతరంలో నిజముంది. దానికి బదులుగా విద్యార్థికి ఒక ఏడాది జీవనవ్యయం మిగులుతుంది, సంపాదన ఏడాది ముందే మొదలవుతుంది. తన లక్ష్యం తెలిసినవారికి ఈ పద్ధతి లాభం. దారి ఇంకా వెతుక్కుంటున్నవారికి మూడేళ్ల డిగ్రీయే మేలు.