నీరు, నిజం: దెబ్బతిన్న అణు కేంద్రాల దగ్గర డెబ్భై ఏళ్ల పోరాటం

అణు రియాక్టర్‌ను ఆపడం క్షణాల పని. నియంత్రణ కడ్డీలు లోపలికి దిగగానే గొలుసు చర్య ఆగిపోతుంది. అసలు కష్టం ఆ తర్వాతే. మంట ఆర్పిన పొయ్యిలో నిప్పులు కణకణలాడుతున్నట్టు, ఆగిన రియాక్టర్‌లోని ఇంధనం వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం. ఒక రోజు గడిచేసరికి ఒక శాతం కంటే తక్కువకు దిగుతుంది. కానీ 3,000 మెగావాట్ల ఉష్ణశక్తి గల రియాక్టర్‌లో ఒక శాతమంటే 30 మెగావాట్లు. ఆ వేడిని నీరు మోసుకుపోకపోతే ఇంధన కడ్డీలు కరుగుతాయి. వాటి తొడుగుగా ఉన్న జిర్కోనియం వేడి ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. అది గాలిలో కలిస్తే పేలగలదు.

కాబట్టి అణు కేంద్రం దెబ్బతిన్న గంటల్లో ప్రాణాధారమైనవి రెండే: లోపల ఇంధనానికి నీరు, బయట జనానికి నిజం. ఈ రెండూ వేళకు అందిన చోట నష్టం తగ్గింది, ఆలస్యమైన చోట పెరిగింది. 1952 నుంచి నేటి దాకా జరిగిన ప్రమాదాలను వరసగా చూస్తే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

తొలి అనుభవాలు

1952 డిసెంబర్ 12న కెనడాలోని చాక్ రివర్‌లో ఎన్ఆర్ఎక్స్ అనే పరిశోధన రియాక్టర్ దెబ్బతింది. ఇంధనం కొంత కరిగింది. నేలమాళిగ రేడియోధార్మిక నీటితో నిండింది. రియాక్టర్‌ను విప్పి శుభ్రం చేయడానికి అమెరికా నౌకాదళం నుంచి వచ్చిన బృందానికి 28 ఏళ్ల లెఫ్టినెంట్ జిమ్మీ కార్టర్ నాయకుడు. లోపల ఒక్కో మనిషి ఉండగలిగింది 90 సెకన్లు. అందుకని దగ్గర్లోని టెన్నిస్ కోర్టులో రియాక్టర్ నమూనా కట్టి, ఎవరు ఏ బోల్టు విప్పాలో అక్కడ సాధన చేసి, తర్వాత పరుగున లోపలికి వెళ్లి వచ్చేవారు. రేడియేషన్ దగ్గర పనిచేసే మనిషికి సమయమే కవచమని, ఆ సమయాన్ని సాధనతోనే సంపాదించుకోవాలని అక్కడ తేలింది.

ఐదేళ్లకు, 1957 అక్టోబర్ 10న, ఇంగ్లండ్‌లోని విండ్‌స్కేల్‌లో మంటలు బయటపడ్డాయి. అది విద్యుత్ కేంద్రం కాదు, బాంబుల కోసం ప్లుటోనియం తయారుచేసే గ్రాఫైట్ రియాక్టర్. గాలితో చల్లబడే ఆ రియాక్టర్‌లో ఇంధనం అంటుకుంది. కార్బన్ డయాక్సైడ్ పంపినా ఆరలేదు. డిప్యూటీ జనరల్ మేనేజర్ టామ్ టుయోహీ పదేపదే రియాక్టర్ పైకెక్కి లోపలికి తొంగిచూసి మంట తీరు కనిపెట్టాడు. నీళ్లు పోస్తే హైడ్రోజన్ పేలుతుందన్న భయం ఉన్నా, వేరే దారి లేక మరునాడు పోశారు. గాలిని కూడా కట్టేసిన తర్వాతే మంట చచ్చింది. నిర్మాణ సమయంలో జాన్ కాక్‌క్రాఫ్ట్ పట్టుబట్టి చిమ్నీలకు పెట్టించిన వడపోతలు చాలా రేడియోధార్మికతను పైనే పట్టేశాయి.

చుట్టుపక్కల ఊళ్లలో అధికారులు చేసిన ఒక మంచి పని చరిత్రలో నిలిచింది. గాలిలో వచ్చిన అయోడిన్-131 గడ్డి మీద పడి, ఆవుల కడుపులోకి, అక్కడి నుంచి పాలలోకి, పిల్లల థైరాయిడ్ గ్రంథిలోకి చేరుతుందని గుర్తించారు. దాదాపు 500 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో కొన్ని వారాలపాటు పాలను పారబోయించారు. అయితే ప్రమాద కారణాలపై విచారణ నివేదికను ప్రధాని మాక్మిలన్ పూర్తిగా బయటపెట్టనివ్వలేదు. అది జనం ముందుకు రావడానికి 30 ఏళ్లు పట్టింది.

అలారాలు మోగినా అర్థం కాని రోజు

1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగు గంటలకు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, త్రీ మైల్ ఐలండ్ రెండో యూనిట్‌లో ఒక పంపు ఆగింది. రియాక్టర్ తనంతట తానే ఆగిపోయింది. ఒత్తిడి తగ్గించడానికి తెరుచుకున్న వాల్వ్ మాత్రం మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లోని దీపం ఆ వాల్వ్‌కు మూసుకోమని ఆదేశం వెళ్లినట్టు చూపించిందే తప్ప, నిజంగా మూసుకుందో లేదో చూపించలేదు. వందకు పైగా అలారాలు ఒకేసారి మోగాయి. నీరు ఎక్కువైందని భ్రమపడిన ఆపరేటర్లు అత్యవసర నీటి సరఫరాను తగ్గించారు. రెండు గంటలకు పైగా నీరు బయటికి పోతూనే ఉంది. సగం ఇంధనం కరిగిపోయిందన్న సంగతి కొన్నేళ్ల తర్వాత లోపలికి కెమెరాలు దించాక గానీ తెలియలేదు.

బయట పరిస్థితి ఇంకా గందరగోళం. చిమ్నీ పైన కొలిచిన రేడియేషన్ అంకెను ప్లాంటు ఆవరణ బయట కొలిచినదిగా పొరబడ్డారు. మార్చి 30న గవర్నర్ థోర్న్‌బర్గ్ ఐదు మైళ్ల లోపు ఉన్న గర్భిణులు, చిన్నపిల్లలు వెళ్లిపోవడం మంచిదని చెప్పాడు. కదలమన్నది కొద్ది వేలమందిని, కదిలింది సుమారు 1,40,000 మంది. అణు నియంత్రణ సంస్థ నుంచి వచ్చిన హెరాల్డ్ డెంటన్ ఒక్కడే రోజూ విలేఖరుల ముందు నిలబడి తెలిసింది చెప్పడం మొదలుపెట్టాక జనం కుదుటపడ్డారు. ఏప్రిల్ 1న అధ్యక్షుడు స్వయంగా ప్లాంటులోకి వెళ్లాడు. ఆ అధ్యక్షుడు చాక్ రివర్‌లో పనిచేసిన జిమ్మీ కార్టరే.

ఈ ప్రమాదం నుంచి పుట్టిన సంస్కరణలు చాలా ముఖ్యమైనవి. కారణమేదో తేల్చుకుని చర్య తీసుకోమనే పాత నియమావళి పోయి, కళ్లెదుట కనిపిస్తున్న లక్షణాలను బట్టి ముందు ఇంధనాన్ని చల్లగా ఉంచమనే నియమావళి వచ్చింది. కంట్రోల్ రూమ్ నమూనాల్లో శిక్షణ తప్పనిసరైంది. కంట్రోల్ రూమ్‌కు సాంకేతిక సలహా ఇచ్చే కేంద్రం వేరుగా ఏర్పడింది. ప్లాంటు చుట్టూ పది మైళ్ల మేర అత్యవసర ప్రణాళిక ఉండాలన్న నియమం స్థిరపడింది.

చెర్నోబిల్: ధైర్యం ఉంది, నిజం లేదు

1986 ఏప్రిల్ 26 రాత్రి 1:23 గంటలకు అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ నాలుగో యూనిట్ పేలింది. నిమిషాల్లో వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి తాము ఆర్పుతున్నది మామూలు మంట కాదని ఎవరూ చెప్పలేదు. చేతిలో ఉన్న కొలత పరికరాలు గంటకు 3.6 రాంట్‌జెన్లకు మించి చూపించలేవు. ముల్లు చివరికి కొట్టుకుని ఆగితే, అదే అసలు అంకె అన్నట్టు పైకి కబురు వెళ్లింది. తీవ్రమైన రేడియేషన్ జబ్బు 134 మందికి నిర్ధారణ అయింది. వారిలో 28 మంది ఆ ఏడాదిలోనే చనిపోయారు. మూడో యూనిట్‌కు మంట పాకకుండా ఆపింది అగ్నిమాపక సిబ్బందే.

తర్వాత జరిగినదంతా మనుషుల చేతుల మీదుగా జరిగింది. హెలికాప్టర్లు సుమారు 5,000 టన్నుల ఇసుక, సీసం, బోరాన్, బంకమట్టి కుమ్మరించాయి. వాటిలో ఎక్కువభాగం గురి తప్పిందని తర్వాత తెలిసింది. కరిగిన ఇంధనం కింది నీటి తొట్లలో పడితే ఆవిరి పేలుడు జరుగుతుందన్న భయంతో ముగ్గురు ఉద్యోగులు చీకటి నేలమాళిగలోకి దిగి వాల్వ్‌లు తెరిచారు. బొగ్గు గని కార్మికులు రియాక్టర్ కింద సొరంగం తవ్వారు. కప్పు మీద పడ్డ గ్రాఫైట్ ముక్కలను తొలగించడానికి తెచ్చిన యంత్రాలు మొరాయిస్తే, సైనికులు పారలు పట్టుకుని నిమిషం, రెండు నిమిషాల చొప్పున పరుగెత్తి ఎత్తిపోశారు. నవంబర్ నాటికి కాంక్రీటు, ఉక్కు గూడు పూర్తయింది. ఈ పనుల్లో పాల్గొన్న సుమారు 6 లక్షల మందికి లిక్విడేటర్లన్న గుర్తింపు దక్కింది.

అంత త్యాగం జరిగినా, నిజం దాచడం వల్ల కలిగిన నష్టాన్ని ఆపలేకపోయింది. మూడు కిలోమీటర్ల దూరంలోని ప్రిప్యత్ పట్టణంలో పిల్లలు ఒక రోజంతా వీధుల్లో ఆడుకున్నారు. సుమారు 49,000 మందిని బస్సులెక్కించింది మరునాడు మధ్యాహ్నం. ప్రపంచానికి సంగతి తెలిసింది ఏప్రిల్ 28న, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో మోగిన అలారం వల్ల. మే 1న కీవ్‌లో ఊరేగింపు యథావిధిగా జరిగింది. విండ్‌స్కేల్‌లో 29 ఏళ్ల కిందటే నేర్చుకున్న పాల పాఠాన్ని గ్రామాల్లో వేళకు అమలు చేయలేదు. 2005 నాటికి, ప్రమాద సమయంలో పిల్లలుగా, కిశోరులుగా ఉన్నవారిలో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి. వాటిలో పెద్ద భాగానికి కారణం ఆ పాలే. పక్కనున్న పోలండ్ మాత్రం వెంటనే కోటిమందికి పైగా థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మందు పంచింది.

అదే సెప్టెంబర్‌లో రెండు అంతర్జాతీయ ఒప్పందాలు కుదిరాయి. ఒకటి ప్రమాదాన్ని వెంటనే తెలియజేయాలని, రెండోది సాయం అందించుకోవాలని. పొరుగువాడికి చెప్పడం దయాదాక్షిణ్యం కాదు, బాధ్యత అని ప్రపంచం ఒప్పుకోవడానికి అంత మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

నరోరాలో పదిహేడు గంటలు

మన దేశంలో ఈ పరీక్ష 1993 మార్చి 31న ఎదురైంది. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న నరోరా కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగాయి. ఆ అదురుకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటికొచ్చి అంటుకుంది. కరెంటు తీగలు, అత్యవసర సరఫరా తీగలు ఒకే దారిలో ఉండటంతో అన్నీ కాలిపోయాయి. కంట్రోల్ రూమ్ పొగతో నిండిపోయి ఖాళీ చేయాల్సి వచ్చింది. 17 గంటలపాటు ప్లాంటులో కరెంటు లేదు. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కి, రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా చేతులతో వాల్వ్‌లు తిప్పి బోరాన్ ద్రావణాన్ని లోపలికి వదిలారు. మంటలార్పడానికి పెట్టిన డీజిల్ పంపులతో ఆవిరి జనరేటర్లకు నీరు అందించారు. రియాక్టర్ లోపల వేడి భారజలం పైకి, చల్లబడినది కిందికి దానంతటదే తిరిగి ఇంధనాన్ని కాపాడింది. రేడియోధార్మికత బయటికి రాలేదు. బయట పెద్దగా చర్చకు రాని ఈ ఘటనను మన ఇంజనీరింగ్ కళాశాలల్లో పాఠంగా చెప్పాలి. కరెంటు పూర్తిగా పోవడం ఊహల్లోని ప్రమాదం కాదని ఫుకుషిమాకు 18 ఏళ్ల ముందే నరోరా చూపించింది.

ఫుకుషిమా: కారు బ్యాటరీలతో రియాక్టర్ కాపలా

2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కు జపాన్‌లో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఫుకుషిమా దాయ్‌చిలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ సరిగ్గానే ఆగాయి. యాభై నిమిషాల తర్వాత దాదాపు 15 మీటర్ల ఎత్తున సునామీ వచ్చింది. ప్లాంటు లెక్కలు వేసుకున్నది 5.7 మీటర్లకే. డీజిల్ జనరేటర్లు, స్విచ్ బోర్డులు మునిగాయి. ఒకటి, రెండు యూనిట్లలో బ్యాటరీలు కూడా పోయి కంట్రోల్ రూమ్ చీకటైంది. సిబ్బంది పార్కింగ్‌లోని కార్ల బ్యాటరీలు ఊడదీసి తెచ్చి, ఒక్కో మీటరుకు తగిలించి నీటిమట్టం చూసుకున్నారు. ఒకటో యూనిట్‌లో అత్యవసర శీతలీకరణ నడుస్తోందని గంటల తరబడి నమ్మారు. నిజానికి అది ఆగిపోయింది. ఈసారి నిజం జనానికే కాదు, ఆపరేటర్లకూ అందలేదు.

ప్లాంటు అధిపతి మసావో యోషిదా ఫైరింజన్లతో సముద్రపు నీటిని రియాక్టర్‌లోకి ఎక్కించాడు. ఆపమని టోక్యోలోని కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి ఆదేశం వస్తే, అందరి ముందు పైకి సరేనన్నాడు, తన మనిషికి మాత్రం ఆపొద్దని ముందే చెవిలో చెప్పాడు. ఆ నిర్ణయం సరైనదే. అయినా 12, 14, 15 తేదీల్లో ఒకటి, మూడు, నాలుగు యూనిట్లలో హైడ్రోజన్ పేలుళ్లు జరిగాయి.

యోషిదా బృందానికి నిలబడటానికి చోటు మిగిలిందంటే దానికి కారణం 2007 నాటి భూకంపం. అప్పుడు కాషివాజాకి కరివా కేంద్రంలో అత్యవసర గది తలుపు తెరుచుకోక ఇబ్బంది పడ్డ అనుభవంతో, భూకంపాన్ని తట్టుకునే అత్యవసర భవనాన్ని ఫుకుషిమాలో కట్టారు. అది పూర్తయింది సునామీకి ఎనిమిది నెలల ముందు. అక్కడికి కొద్ది దూరంలోని ఫుకుషిమా దాయ్‌నిలో ఒక్క బయటి కరెంటు లైను మిగిలింది. నవోహిరో మసుదా నాయకత్వంలో సుమారు 200 మంది దాదాపు 9 కిలోమీటర్ల బరువైన కేబుల్‌ను భుజాల మీద మోసి పంపులకు ప్రాణం పోశారు. అక్కడ ఒక్క రియాక్టరూ కరగలేదు.

బయట మాత్రం ఏర్పాట్లు కుప్పకూలాయి. ప్లాంటుకు ఐదు కిలోమీటర్లలో ఉన్న అత్యవసర సమన్వయ కేంద్రానికి గాలి వడపోతలే లేవు, దాన్ని వదిలి పారిపోవాల్సి వచ్చింది. గాలి ఎటు మోసుకెళ్తుందో లెక్కగట్టిన సమాచారం జనానికి అందలేదు. కొందరు రేడియేషన్ ఎక్కువగా పడే వైపే వెళ్లారు. ఫుతబా ఆసుపత్రి నుంచి సరైన ఏర్పాట్లు లేకుండా తరలించడంలో 40 మందికి పైగా వృద్ధులు, రోగులు చనిపోయారు. రేడియేషన్ జబ్బుతో ఒక్కరూ చనిపోని ఈ ప్రమాదంలో, తరలింపు కష్టాలతో ముడిపడిన మరణాలు ఫుకుషిమా ప్రాంతంలో 2,000 దాటాయి. ఇది మానవ తప్పిదమేనని జపాన్ పార్లమెంటు నియమించిన కురోకవా సంఘం తేల్చింది.

ఇప్పటి ఏర్పాట్లు, మన బాధ్యత

ఫుకుషిమా తర్వాత పద్ధతి మారింది. ఏ ప్రమాదం వస్తుందో ఊహించి దానికి సిద్ధపడటం కాక, కారణం ఏదైనా కరెంటు, నీరు బయటి నుంచి తెచ్చి అందించడం లక్ష్యమైంది. అమెరికాలో సంచార పంపులు, జనరేటర్లను ప్లాంట్ల వద్దా, ప్రాంతీయ గిడ్డంగుల్లోనూ సిద్ధంగా ఉంచారు. ఫ్రాన్స్ 24 గంటల్లో ఏ ప్లాంటుకైనా చేరే ప్రత్యేక దళాన్ని పెట్టుకుంది. మన రియాక్టర్లకు బయటి నుంచి నీరు కలిపే గొట్టాల ఏర్పాట్లు చేర్చారు. 2022 నుంచి ఉక్రెయిన్‌లోని జపోరిజియా కేంద్రం యుద్ధం మధ్యలో పదేపదే బయటి కరెంటు పోయి డీజిల్ జనరేటర్ల మీద ఆధారపడటం చూస్తే, ఈ ఏర్పాట్లు ఎంత అవసరమో అర్థమవుతుంది.

తెలుగు నేలకూ ఇందులో పాత్ర ఉంది. మన రియాక్టర్లలో చాలావాటి ఇంధనం తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. 2004 డిసెంబర్ సునామీలో తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రం పంపుహౌస్‌లోకి సముద్రం వచ్చినా రియాక్టర్‌ను క్షేమంగా ఆపారు. ఆ తర్వాత ఏర్పడిన సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నుంచే పనిచేస్తోంది. శ్రీకాకుళం తీరాన కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు ప్రతిపాదనలో ఉన్నాయి. కరెంటు లేకున్నా 72 గంటలు తమంతట తామే చల్లబడేలా వాటిని రూపొందించారు. అది మెచ్చుకోదగ్గ ముందడుగు. కానీ ఆ 72 గంటల్లో ఊళ్లలో ఏం జరగాలన్నది ఏ రియాక్టరూ చూసుకోదు.

ఈ చరిత్రలో ప్రతిచోటా మనుషులు ప్రాణాలకు తెగించారు. వారికి చేతులెత్తి నమస్కరిస్తూనే ఒక మాట గట్టిగా చెప్పాలి. అంత తెగింపు అవసరమైందంటే ముందుజాగ్రత్త ఓడిపోయిందనే అర్థం. కొవ్వాడలో పునాది పడకముందే చుట్టుపక్కల పల్లెల్లో ప్రతి ఇంటికీ తెలియాల్సినవి ఉన్నాయి: సైరన్ మోగితే ఇంట్లోనే ఉండాలా, కదలాలా, అయోడిన్ మాత్రలు ఎక్కడ దొరుకుతాయి, మంచాన పడ్డ వృద్ధులను ఎవరు, ఏ వాహనంలో తీసుకెళ్తారు, పాలు, నీళ్లు తాగొచ్చో లేదో ఎవరు చెబుతారు. వీటికి జవాబులు తెలుగులో రాసి గ్రామసభల్లో చదివి వినిపించాలి, మాక్ డ్రిల్‌లో జనాన్ని భాగం చేయాలి, అందులో దొరికిన లోపాలను జనం ముందే పెట్టాలి. ప్రభుత్వం తనంతట చెబుతుందని ఎదురుచూడకుండా అక్కడి ప్రజలు, పత్రికలు ఇవన్నీ ఇప్పుడే అడగాలి.