ఇల్లు అమ్మేటప్పుడు మధ్యలో మనిషి కావాలా? దుబాసీల నాటి ప్రశ్న



పోయిన నెల మన సమావేశం అయ్యాక కాఫీల దగ్గర ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "బాబూ, మా నాన్నగారు కట్టించిన ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. పిల్లలు దూరాన ఉన్నారు. బ్రోకర్ని పెట్టుకుంటే రెండు శాతం ఊరికే పోతుందంటున్నారు. పెట్టుకోవాలా, వద్దా?" అని అడిగారు. అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మనం ఉంటున్న ఈ చెన్నపట్నం పుట్టిందే ఒక స్థలం బేరంతో. ఆ బేరంలో మధ్యవర్తిగా నిలబడింది మన తెలుగువాడే. అందుకని ఆయనకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్ళు మనలో ఇంకా కొందరు ఉన్నారని తెలుసు.

1639 నాటి మాట. నెల్లూరు తీరాన దుర్గరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీకి ఒక వర్తక స్థావరం ఉండేది. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే ఇంకా మంచి చోటు కోసం దక్షిణంగా వెతుక్కుంటూ వచ్చాడు. ఈ తీరం అప్పుడు చంద్రగిరి రాయల కింద ఉన్న దామర్ల వెంకటాద్రి నాయకుడి ఏలుబడిలో ఉంది. ఆయన వందవాసిలో ఉంటే, తమ్ముడు అయ్యప్ప పూనమల్లిలో ఉండి వ్యవహారాలు చూసేవాడు. డేకి తెలుగు రాదు, నాయకుడికి ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్యా మాట నడపడానికి ఉన్నవాడు దుబాసీ బేరి తిమ్మన్న. రెండు భాషలు తెలిసినవాడు గనుక ద్విభాషి, అది వాడుకలో దుబాసీ అయింది. నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అన్నారని మనందరం విన్నదే.

తిమ్మన్న చేసింది మాట మార్చి చెప్పడం ఒక్కటే అనుకోకండి. ఎవరిని ముందు కలవాలి, ఎవరి మాట చెల్లుతుంది, సుంకంలో ఎవరి వాటా ఎంత, ఊళ్ళోకి నేతవాళ్ళను, వర్తకులను ఎలా రప్పించాలి, ఇవన్నీ తెలిసినవాడు లేకపోతే చేతిలో డబ్బున్నా ఆ కాలంలో అడుగు భూమి దొరికేది కాదు. బేరం కుదిరాక కూడా ఆయన ఊరు విడిచి పోలేదు. ఇక్కడే స్థిరపడి చెన్నకేశవ పెరుమాళ్ గుడికి పునాది వేశాడు. నాకు ఆయనలో నచ్చేది అదే. కుదిర్చిన బేరం మంచిదైనా చెడ్డదైనా రేపు పొద్దున అదే ఊళ్ళో ముఖం చూపించవలసినవాడు.

అయినా ఆ కాగితంలోనూ ఒక పేచీ వచ్చింది. కోట నాయకుడి ఖర్చుతో కడతారని డే అర్థం చేసుకున్నాడు. 1640 ఫిబ్రవరిలో ఆయన, ఆండ్రూ కోగన్ మనుషులతో వచ్చి దిగేసరికి ఆ ఖర్చు కంపెనీ నెత్తినే పడింది. ఆ ఖర్చు గురించి లండన్‌లోని పెద్దలు చాలాకాలం గొణుగుతూనే ఉన్నారు. మధ్యలో ఎంత మంచి మనిషి ఉన్నా, ఎవరు ఏది భరించాలో ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యేటట్టు కాగితం మీద ఉండాలి. 380 ఏళ్ళ తర్వాత కూడా ఇల్లు అమ్మేటప్పుడు వచ్చే తగాదాల్లో చాలా భాగం ఇలాంటివే. బాకీ ఉన్న పన్ను ఎవరు కట్టాలి, అద్దెకున్నవాళ్ళను ఎవరు ఖాళీ చేయించాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది?

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. దుబాసీలందరూ తిమ్మన్నలు కారు. కంపెనీ దొరల దగ్గర పనిచేస్తూనే సొంత వ్యాపారం చేసుకున్నవాళ్ళు, ఆ దొరలకే అప్పులిచ్చి వాళ్ళను గుప్పిట్లో పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో బాగా పేరుపడినవాడు అవధానం పాపయ్య. ఆయనా తెలుగువాడే. గవర్నరు హాలండ్ దగ్గర దుబాసీగా ఉండి, తమకు అడ్డొచ్చిన డేవిడ్ హాలిబర్టన్ అనే అధికారి మీద కుట్ర పన్నాడని కేసు నడిచింది. 1792లో నేరం రుజువై శిక్ష పడింది. చూలైలో ఆయన పేరుతో వీధి ఇప్పటికీ ఉంది. రెండు వైపులా తెలిసినవాడు రెండు వైపులా మంచి చేయగలడు, రెండు వైపులా ముంచనూ గలడు. కాబట్టి మధ్యవర్తి కావాలా అని అడగడంతో సరిపోదు. అతను ఎవరి మనిషి అని కూడా అడగాలి.

ఈ ప్రశ్నకు చట్టం మొదటిసారి తేటగా జవాబిచ్చింది 1872 కాంట్రాక్టు చట్టంలో. దాని పదో అధ్యాయమంతా ఏజెంటు గురించే. ఏజెంటు మనం చెప్పినట్టు నడుచుకోవాలి, తగిన నేర్పుతో పనిచేయాలి, అడిగినప్పుడు లెక్క చెప్పాలి. పనిలో తప్పు చేస్తే ఆ మేరకు కమీషన్ అడిగే హక్కు లేదు. 216వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఫలానా ఇల్లు కొనిపెట్టమని ఒకరు ఏజెంటుకు చెప్తారు. అతను వచ్చి, ఆ ఇల్లు దొరకదండీ అని చెప్పి, తనే కొనేసుకుంటాడు. సంగతి బయటపడితే, అతను కొన్న ధరకే ఆ ఇల్లు తనకు అమ్మమని మొదటి మనిషి పట్టుబట్టవచ్చు. దీన్నిబట్టి ఆ రోజుల్లోనూ ఇలాంటివి జరిగేవనే అనుకోవాలి.

తర్వాత చెప్పుకోవలసింది 2016లో వచ్చిన రెరా చట్టం. రెరాలో నమోదు కావలసిన ప్రాజెక్టుల్లో ప్లాటో ఫ్లాటో అమ్మించే ఏజెంటు తానూ నమోదు చేసుకోవాలి, కుదిర్చిన ప్రతి అమ్మకంలో తన నంబరు వేయాలి. లేకపోతే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా. మహారాష్ట్రలో 2023 నుంచి ఏజెంట్లు శిక్షణ పొంది పరీక్ష కూడా నెగ్గాలని నియమం పెట్టారు. షోలాపూర్, ముంబై సభ్యులు ఇది గమనించండి. అయితే మన పెద్దాయన ఇంటి లాంటి పాత సొంత ఇళ్ళ అమ్మకానికి ఈ నమోదు నియమం వర్తించదు. అక్కడ మనకు అండ ఆ 1872 చట్టమూ, మనం రాసుకునే ఒప్పంద పత్రమే.

మరి మనలాంటివాళ్ళకు మధ్యవర్తి వల్ల ఒరిగేదేమిటి? నాకు తోచినవి మూడు.

మొదటిది కాగితాల భాష. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. అక్కడి పాత దస్తావేజులు చాలావరకు తెలుగులో ఉంటాయి, కొనేవాళ్ళ వకీలుకు తమిళం మాత్రమే వస్తుంది. బరంపురం 1936 దాకా మద్రాసు రాజధానిలోది, బళ్ళారి 1953లో మైసూరుకు వెళ్ళింది. అక్కడి కుటుంబాలదీ ఇదే కథ. యానాంలో తాతల కాగితాలు ఫ్రెంచిలో ఉంటే ఆశ్చర్యం లేదు. పాత కాగితాన్ని ఇప్పటి సర్వే నంబరుతో, పట్టాతో, ఈసీతో సరిచూసి కొనేవాళ్ళకు నచ్చచెప్పగలిగినవాడు ఇవాళ్టి దుబాసీ. ఆ పని తెలిసినవాడికి ఇచ్చే డబ్బు ఊరికే పోయినట్టు కాదు.

రెండోది ధర. గైడ్‌లైన్ విలువ ఎంతో ఎవరైనా చూసుకోవచ్చు. పక్క వీధిలో నిజంగా ఎంతకు చేతులు మారిందో ఆ వీధుల్లో తిరిగేవాడికే తెలుస్తుంది. దూరాన ఉన్న పిల్లలు పదేళ్ళ కిందటి ధర మనసులో పెట్టుకుని ఉంటారు, లేదా ఎక్కడో విన్న ఆకాశమంత ధర.

మూడోది మన మొహమాటం. కొనేవాళ్ళు మన వాళ్ళే అయితే, మన సంఘంలోవాళ్ళే అయితే, అడ్వాన్సుకు రసీదు రాయమనడానికి కూడా నోరు రాదు. గడువు దాటితే అడగలేం. అన్నదమ్ముల వాటాల దగ్గర ఇంకా కష్టం. ఆ మాటలు బయటివాడు అడిగితే పని అవుతుంది, బంధుత్వమూ మిగులుతుంది. ఇల్లు అమ్మాక పెళ్ళిళ్ళలో ఎదురుపడి మాట్లాడుకోలేని కుటుంబాలను మనం చూశాం కదా.

కాబట్టి పెద్దాయనకు నా జవాబు: పెట్టుకోండి. కానీ ఎవరి తరఫున పనిచేస్తున్నాడో, కమీషన్ ఎంతో, ఎప్పుడు ఇవ్వాలో ముందే కాగితం మీద రాయించుకోండి. కొనేవాళ్ళ దగ్గర కూడా తీసుకుంటున్నాడా అని అడగండి. రెండు వైపులా తీసుకోవడం ఇక్కడ మామూలే, దాచడమే తప్పు. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. పని సులువవుతుందని జనరల్ పవర్ రాసిచ్చేయమంటే మాత్రం ఒప్పుకోవద్దు. అలా పవర్ మీద జరిగే అమ్మకంతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఇల్లు చూపించేవాడికీ మీ బదులు సంతకం పెట్టేవాడికీ చాలా తేడా ఉంది. కాగితాలు మాత్రం వేరే వకీలు చేత చూపించుకోండి.

దలాల్ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. దారి చూపించేవాడని దాని మూలార్థం. మన వాడుకలో అది తిట్టు అయిపోయింది, అందుకు కారణాలూ ఉన్నాయి. అయినా దారి తెలియనప్పుడు చూపించేవాడు కావాల్సిందే.

చివరగా ఒక మనవి. మన సంఘంలో పాత తెలుగు చేతిరాత, గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. ఎవరింట్లోనైనా తాతల నాటి దస్తావేజులు అర్థంకాక పెట్టెలో ఉంటే, అమ్మే ఆలోచన లేకపోయినా సరే, ఇప్పుడే చదివించుకుని ఒక ప్రతి రాయించి పెట్టుకోండి. చదవగలిగిన పెద్దలు సంఘం కార్యదర్శికి ఒక మాట చెప్పండి. అవసరమైనవాళ్ళను మీ దగ్గరకు పంపుతాం.