అంతర్గత అగ్నిశిలలు

మాగ్మా భూమి పైకి పొంగకుండా లోతులోనే చల్లారి గట్టిపడితే ఏర్పడే రాళ్లు అంతర్గత అగ్నిశిలలు. గ్రానైట్, గాబ్రో, డోలరైట్ వీటిలో ముఖ్యమైనవి.

చుట్టూ ఉన్న రాతి కంటే తేలిక కావడంతో మాగ్మా పైకి కదులుతుంది, పగుళ్లలోకి చొచ్చుకుపోతుంది. కిలోమీటర్ల లోతులో రాయి వేడిని త్వరగా పోనివ్వదు; పెద్ద రాశి చల్లారడానికి లక్షల ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి. హైదరాబాద్‌లోని గులాబీ గ్రానైట్ గుండును దగ్గరగా చూస్తే గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లని బయొటైట్ విడివిడిగా కంటికి కనిపిస్తాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైట్, తన మీదున్న రాయంతా కోతకు గురయ్యాకే బయటపడింది.

ఖనిజాలన్నీ ఒకేసారి స్ఫటికీకరించవు. బసాల్ట్ తరహా మాగ్మాలో ఒలివీన్, పైరాక్సీన్ వంటివి ముందు విడిపడతాయి. మిగిలిన ద్రవంలో సిలికా పెరుగుతూ పోతుంది. శిలాశాస్త్రవేత్త నార్మన్ బోవెన్ ప్రయోగశాలలో ఈ క్రమాన్ని తేల్చి, 1928లో గ్రంథంగా వెలువరించాడు. అగ్నిశిలల అధ్యయనానికి నేటికీ అదే పునాది.

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే గెలాక్సీ గ్రానైట్ నిజానికి గాబ్రో వర్గపు రాయి. నల్లని నేలమీద మెరిసే దాని బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ స్ఫటికాలు.

పాత రాతి పొరలను అడ్డంగా కోసుకుంటూ పోయిన చొరబాటు డైక్. పొరల మధ్య పరుచుకున్నది సిల్. వంద చదరపు కిలోమీటర్లకు మించి బయటపడినది బాథోలిత్. తెలంగాణ గ్రానైట్లను నల్లని డోలరైట్ డైకులు చాలాచోట్ల చీల్చుకుపోయాయి. చల్లని రాతిని తాకి త్వరగా గట్టిపడిన డైకు అంచుల్లో రేణువులు సన్నగా, నడుమ ముతకగా ఉంటాయి.