నల్లతెర మీటలకు టీకా తాత్పర్యం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి చైతన్యపురి వైపు నడిస్తే, గ్రూప్స్, బ్యాంక్ కోచింగ్ బోర్డుల పక్కనే లినక్స్, డెవాప్స్, క్లౌడ్ బోర్డులూ కనిపిస్తాయి. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్ దాకా ఉన్న హాస్టళ్లలో దిగి ఈ కోర్సులు నేర్చుకునే పిల్లలు టెర్మినల్ షార్ట్‌కట్‌లను ఎక్కాల్లా బట్టీ పడతారు. బట్టీ అక్కర్లేదు. చాలా మీటల వెనక కారణం ఉంది. అసలు తిప్పలు వేళ్లకు ముందే పట్టిన విండోస్ అలవాటుతోనే. అందుకే అక్షరక్రమం పక్కనపెట్టి, తిప్పలు పెట్టేవాటితోనే మొదలుపెడతాను. ఇవన్నీ బాష్ షెల్‌లో పనిచేసేవి. బ్రయాన్ ఫాక్స్ గ్నూ కోసం రాసిన ఈ షెల్ 1989లో బయటికొచ్చింది.

కంట్రోల్ ఎస్: వర్డ్‌లో ఫైల్ సేవ్ చేసిన చెయ్యి ఇక్కడా ఊరుకోదు. నొక్కగానే తెర బిగుసుకుపోతుంది. ఏం టైప్ చేసినా కనిపించదు. సర్వర్ హ్యాంగ్ అయిందనుకుని విండో మూసేసేవాళ్లే ఎక్కువ. నిజానికి ఏదీ చెడలేదు. టెలిటైప్ యంత్రాల కాలంలో అవతలి నుంచి వచ్చే అక్షరాలను కాసేపు ఆపమని చెప్పే సంకేతం ఇది. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది, ఈలోగా కొట్టినవన్నీ ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి. ఎస్సే ఎందుకు? ఇంగ్లిష్ అక్షరాల్లో ఎస్ 19వది, ఆస్కీ పట్టికలో 19వ సంకేతం 'ఆపు'కి వాడుకలో ఉంది. క్యూ 17వది, 17వ సంకేతం 'సాగించు'కి. కంట్రోల్ పట్టి అక్షరం నొక్కితే ఆ వరస నంబరు సంకేతమే వెళ్తుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే కంట్రోల్ ఐ ట్యాబ్‌లా (9), కంట్రోల్ ఎమ్ ఎంటర్‌లా (13) ఎందుకు పనిచేస్తాయో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కంట్రోల్ జెడ్: ఇది అన్‌డూ కాదు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను నిద్రపుచ్చుతుంది, చంపదు. విమ్ ఎడిటర్‌లోంచి బయటపడే దారి తెలియక దీన్ని నొక్కి, ప్రాంప్ట్ వచ్చింది కదా అని సంబరపడి, అదే ఫైల్‌ను మళ్లీ తెరిస్తే స్వాప్ ఫైల్ ఉందంటూ పొడుగాటి హెచ్చరిక ఎదురవుతుంది. ఎఫ్‌జీ అని కొట్టండి, పాత విమ్ లేచి వస్తుంది.

కంట్రోల్ సీ: నడుస్తున్నదాన్ని ఆపుతుంది. కాపీకి మధ్యలో షిఫ్ట్ చేర్చాలి.

కంట్రోల్ డబ్ల్యూ: కర్సర్‌కు ఎడమనున్న మాటను చెరిపేస్తుంది. స్పేస్ వచ్చేదాకా ఆగదు కాబట్టి పొడుగాటి పాత్ మొత్తం ఒకే దెబ్బకు పోతుంది. ఒక్క ఫోల్డర్ పేరే పోవాలంటే ఆల్ట్ బ్యాక్‌స్పేస్ వాడాలి, అది స్లాష్ దగ్గర ఆగుతుంది. క్లౌడ్ కన్సోల్‌ను బ్రౌజర్‌లో తెరిచి ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఇంకో గండం: అక్కడ కంట్రోల్ డబ్ల్యూ అంటే ట్యాబే మూసుకుపోవడం!

కంట్రోల్ యూ: కర్సర్ నుంచి లైను మొదలుదాకా కోసేస్తుంది. కోసింది ఎటూ పోదు, కంట్రోల్ వై నొక్కితే తిరిగొస్తుంది. దీని అసలు విలువ సుడో కమాండ్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు తెలుస్తుంది. అక్షరాలు కనిపించవు, మధ్యలో తప్పు కొట్టామన్న అనుమానం. బ్యాక్‌స్పేస్ లెక్కలు మాని, కంట్రోల్ యూతో తుడిచేసి మొదటినుంచి కొట్టడం మేలు.

కంట్రోల్ ఏ, కంట్రోల్ ఈ: లైను మొదలుకి, చివరికి. ఈమ్యాక్స్ ఎడిటర్ నుంచి వచ్చినవి.

కంట్రోల్ ఆర్: ఒక్కటే నేర్చుకుంటానంటే నా ఓటు దీనికే. పాత కమాండ్‌లో గుర్తున్న ముక్క కొడితే హిస్టరీలోంచి వెతికి తెస్తుంది. మళ్లీ నొక్కితే ఇంకా పాతది. వద్దనుకుంటే కంట్రోల్ జీ. బాష్ మామూలుగా 500 కమాండ్‌లు గుర్తుంచుకుంటుంది, ఉబుంటు సెట్టింగ్స్‌లో అది 1000. పై బాణం మీట పాతికసార్లు కొట్టడం చూస్తే నాకు చిరాకు. కానీ దొరికింది దొరికినట్టు ఎంటర్ కొట్టకండి, పోయిన వారం ఫోల్డర్ లేపేసిన ఆర్‌ఎమ్ కమాండ్ కావచ్చు. కుడి బాణం నొక్కితే కమాండ్ లైనులో నిలుస్తుంది, చదివి, దిద్ది, అప్పుడు నడపొచ్చు.

ఆల్ట్ చుక్క: ముందు కమాండ్‌లోని చివరి మాటను తెచ్చి పెడుతుంది. కొత్త ఫోల్డర్ చేసి వెంటనే అందులోకి వెళ్లాలంటే సీడీ, స్పేస్, ఆల్ట్ చుక్క. పేరు రెండోసారి కొట్టే పని ఉండదు. పాపం, దీన్ని చాలామంది పట్టించుకోరు.

కంట్రోల్ డీ: ఖాళీ లైను మీద నొక్కితే షెల్ మూసుకుంటుంది. లైనులో అక్షరాలుంటే కర్సర్ కింది అక్షరం చెరుగుతుంది. రిమోట్ సర్వర్‌లోంచి బయటికొచ్చాక అలవాటుగా ఇంకోసారి నొక్కితే మీ సొంత టెర్మినల్ కూడా మాయం.

వీఐ ఎడిటర్ తరహా మీటలు కావాలంటే బాష్‌లో ఆ ఏర్పాటూ ఉంది. అయితే ఉద్యోగంలో చేతికొచ్చే సర్వర్ మీరు సెట్ చేసుకున్నది కాదు, అందులో సాధారణంగా ఈమ్యాక్స్ తరహావే ఉంటాయి. అవి వచ్చాకే రెండోదాని జోలికి వెళ్లండి.